మెదడు పరిశోధనకు నీట్ ఒక్కటే దారి కాదు

మెదడు మీద పరిశోధన చేస్తానని ఇంటర్ విద్యార్థి అనగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: బైపీసీ తీసుకో, నీట్ రాయి, న్యూరాలజిస్టువి అవ్వు. రోగులకు వైద్యం చేయాలన్న కోరికైతే ఆ సలహా సరైనదే. మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కోరికకు మాత్రం అది చుట్టుదారి. ఆ దారిలో లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో పిల్లల ఏళ్లు, తల్లిదండ్రుల లక్షలు పోతున్నాయి.

ఈ రంగంలో పని ఎలా ఉంటుందో చూడండి. ఒక మనిషి తెర మధ్యలోని చుక్క మీదే చూపు నిలిపి, కళ్లు కదపకుండా, ఎడమ పక్కన రాబోయే గుర్తు కోసం కాచుకుని ఉంటాడు. తల వెనక ఎలక్ట్రోడ్లు మైక్రోవోల్టుల్లో ఉండే విద్యుత్తును నమోదు చేస్తుంటాయి. ఎడమవైపు దృశ్యాన్ని అందుకునేది మెదడు కుడి భాగం. గుర్తు ఇంకా రాకముందే అక్కడ, సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా లయ తగ్గుతుంది. ఎడమ భాగంలో ఎక్కువగా ఉంటుంది. అక్కర్లేని వైపును మెదడు అణచిపెడుతోందని కొందరంటారు, ఇది శ్రద్ధకు కారణం కాదు, దాని జాడ మాత్రమేనని ఇంకొందరంటారు. తేల్చాలంటే ముందు సంకేతాన్ని శుభ్రం చేయాలి. రెప్ప వాలినా, దవడ బిగిసినా పుట్టే విద్యుత్తు అసలు లయను ముంచేస్తుంది. దాన్ని విడదీసేది ఫూరియర్ గణితం, స్టాటిస్టిక్స్, పైథాన్. నీట్ సిలబస్‌లో ఇవేవీ లేవు.

1924లో జర్మనీలోని యెనాలో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసిన హాన్స్ బెర్గర్ వైద్యుడే కదా అనవచ్చు. నిజమే, వైద్యులకు ఇక్కడ ఎప్పుడూ చోటుంది. కానీ నేటి ప్రయోగశాలల్లో ఫిజిక్స్, ఇంజినీరింగ్, సైకాలజీ చదివినవాళ్లు వారి పక్కనే పనిచేస్తున్నారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ఐటీ హైదరాబాద్, బెంగళూరు ఐఐఎస్‌సీ, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీలలో ఈ చదువు, పరిశోధన ఉన్నాయి. అర్హతలు నోటిఫికేషన్లలో చూసుకోండి. లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ, ఆపై ఫిజిక్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ చేసి ఇటు రావడమే నా మొదటి సిఫారసు. ఉద్యోగాల మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, పరిశోధన కొలువులు తక్కువ. త్వరగా సంపాదించక తప్పని ఇంటి పిల్లలు ఇది ఆలోచించుకోవాలి. అయితే సంకేతాలను విశ్లేషించే నేర్పు వైద్య పరికరాల రంగంలోనూ, డేటా ఉద్యోగాల్లోనూ అక్కరకొస్తుంది.

ఇంకో ఉచ్చు గురించి గట్టిగా చెప్పాలి. ఆల్ఫా తరంగాలు పెంచి ఏకాగ్రత తెప్పిస్తామని, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌తో కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని ఫీజులు వసూలు చేస్తున్నారు. కళ్లు మూసుకుంటే చాలు, ఆల్ఫా పెరుగుతుంది. శ్రద్ధ పెట్టిన వైపును అందుకునే మెదడు భాగంలో అది తగ్గుతుందని పై ప్రయోగమే చెబుతోంది. గంతల చదువుకు శాస్త్రాధారం లేదు. ఏకాగ్రత మాటకొస్తే, అరుదుగా వచ్చే గుర్తులను గమనించే పనిలో అరగంటకే పెద్దవాళ్ల జాగరూకత సడలుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ 1948లోనే చూపించాడు. అలాంటిది రోజంతా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, మనసు లగ్నం కావట్లేదని పిల్లల్ని తిట్టడం అన్యాయం.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో 109 మంది ఈఈజీ (మెదడు విద్యుత్తు) రికార్డింగులు ఉచితంగా ఉన్నాయి. కళ్లు తెరిచి ఒక నిమిషం, మూసి ఒక నిమిషం తీసినవి అందులో దొరుకుతాయి. ఎంఎన్ఈ అనే పైథాన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. కళ్లు తెరిచినప్పటికీ మూసినప్పటికీ మధ్య ఆల్ఫా తేడాను మీ అమ్మాయినో అబ్బాయినో సొంతంగా పట్టుకోనివ్వండి. వేసవి సెలవులు చాలు. ఆ పని నచ్చిందో లేదో వాళ్లనే అడగండి, వాళ్లు చెప్పింది వినండి.