జవాబు పేరాలోనే ఉంది, వెతుకుదాం!



ఇంగ్లీషు పరీక్షలో ఒక పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు అడుగుతారు. దీన్ని రీడింగ్ కాంప్రహెన్షన్ అంటారు. అంటే చదివి అర్థం చేసుకోవడం. ఆ పేరా చూడంగానే మనలో చాలామందికి భయమైతది. మన ఇండ్లల్ల గోండి, కోలామి, లంబాడీ మాట్లాడుతం. బడికి వచ్చినంక తెలుగు నేర్చుకున్నం. ఇంగ్లీషు మనకు మూడో భాష. ఇంటికాడ అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

కానీ ఈ ప్రశ్నల్లో ఒక మంచి సంగతి ఉంది. వేరే ప్రశ్నలకు జవాబు మన తలలో ఉండాలి. వీటికి జవాబు మన ముందు కాగితం మీదనే ఉంటది. బట్టీ పట్టే పని లేదు. వెతికే పద్ధతి తెలిస్తే చాలు. ఆ పద్ధతి మన నిజామాబాద్ జిల్లా పసుపు రైతుల సంగతితోనే నేర్చుకుందాం. 5వ తరగతి చెల్లెళ్ళు కూడా చదవాలని ఇంగ్లీషు పేరాను తెలుగు అక్షరాలతో రాస్తున్నాను.

పేరా:

"ఇన్ ఏప్రిల్ 2019 దేర్ వజ్ యాన్ ఎలక్షన్ ఇన్ నిజామాబాద్. 185 క్యాండిడేట్స్ కంటెస్టెడ్ ఇట్. 178 ఆఫ్ దెమ్ వర్ ఫార్మర్స్. దే వాంటెడ్ ఎ గుడ్ ప్రైస్ ఫర్ టర్మరిక్ అండ్ రెడ్ జోవర్. దే ఆల్సో వాంటెడ్ ఎ టర్మరిక్ బోర్డ్. ఎ బ్యాలెట్ యూనిట్ హ్యాజ్ రూమ్ ఫర్ ఓన్లీ 16 నేమ్స్. సో ఈచ్ పోలింగ్ స్టేషన్ గాట్ 12 యూనిట్స్. ది నేషనల్ టర్మరిక్ బోర్డ్ స్టార్టెడ్ ఇన్ జాన్యువరీ 2025. ఇట్స్ హెడ్ ఆఫీస్ ఈజ్ ఇన్ నిజామాబాద్."

టర్మరిక్ అంటే పసుపు. రెడ్ జోవర్ అంటే ఎర్రజొన్న. బ్యాలెట్ యూనిట్ అంటే ఓటు వేసే మిషను.

1. ముందు ప్రశ్నలు చదవాలి. ఆ తర్వాత పేరా చదవాలి. ఏం వెతకాలో తెలిస్తే కండ్లు అక్కడే ఆగుతాయి. పేరాను మాత్రం ఒక్కసారి చదివి వదలొద్దు. పసుపును కూడా తవ్వంగానే అమ్మరు గదా! ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టినంకనే మార్కెట్‌కు పోతది. అట్లనే మొదటిసారి కథ కోసం, రెండోసారి జవాబు కోసం, మూడోసారి రాసింది సరిచూసుకోవడానికి చదవాలి.

2. ప్రశ్న మొదటి మాటను పట్టుకోవాలి. హూ అంటే ఎవరు. జవాబులో మనిషి ఉండాలి. వేర్ అంటే ఎక్కడ, ఊరు గాని చోటు గాని రావాలి. వెన్ అంటే ఎప్పుడు, తేదీ లేదా సంవత్సరం రావాలి. వై అంటే ఎందుకు, కారణం రావాలి. హౌ మెనీ అంటే ఎన్ని, లెక్క రావాలి. వేర్ అని అడిగితే 2025 అని రాస్తే ఎంత మంచి అక్షరాలతో రాసినా మార్కు రాదు.

3. ప్రశ్నలో ఉన్న మాటనే పేరాలో వెతికి ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీయాలి. "హౌ మెనీ ఫార్మర్స్ కంటెస్టెడ్?" అని అడిగారు అనుకోండి. కంటెస్టెడ్ అనే మాట పక్కన 185 ఉంది. తొందరపడితే 185 అని రాస్తాం. కానీ అడిగింది ఫార్మర్స్ గురించి. తర్వాతి లైను కూడా చదివితే 178 అని తెలుస్తుంది. అందుకే గీత గీసిన లైనుకు ముందు లైను, వెనుక లైను కూడా చదవాలి.

4. దే, దెమ్, ఇట్, ఇట్స్ అనే చిన్న మాటలు ఎవరి బదులు వచ్చాయో చూడాలి. "దే వాంటెడ్" అన్నచోట దే అంటే ఫార్మర్స్. చివరి లైనులో ఇట్స్ అంటే టర్మరిక్ బోర్డ్‌ది. జవాబులో దే అని వదిలెయ్యకుండా అసలు పేరు రాస్తే టీచర్‌కు మనకు అర్థమైనట్టు తెలుస్తుంది.

5. తెలియని మాట వస్తే ఆగిపోవద్దు. కంటెస్టెడ్ అంటే తెలియదు అనుకుందాం. ముందు ఎలక్షన్ ఉంది, పక్కన క్యాండిడేట్స్ ఉంది. ఎలక్షన్‌లో క్యాండిడేట్లు ఏం చేస్తారు? పోటీ చేస్తారు. చూశారా, డిక్షనరీ లేకుండానే అర్థం దొరికింది!

6. జవాబు పూర్తి వాక్యంలో రాయాలి. "వై డిడ్ ది ఫార్మర్స్ కంటెస్ట్?" అనే ప్రశ్నలో వై, డిడ్ తీసెయ్యాలి. డిడ్ పోయినప్పుడు కంటెస్ట్ అనేది కంటెస్టెడ్ అవుతుంది. ఇది మరవొద్దు. తర్వాత బికాజ్ పెట్టి కారణం రాయాలి. "ది ఫార్మర్స్ కంటెస్టెడ్ బికాజ్ దే వాంటెడ్ ఎ గుడ్ ప్రైస్ ఫర్ దేర్ క్రాప్స్ అండ్ ఎ టర్మరిక్ బోర్డ్." పేరాలో ఆల్సో అనే మాట ఉంది గనుక కారణాలు రెండు. ఒక్కటే రాస్తే సగం జవాబే.

7. కొన్ని జవాబులు సూటిగా కనిపించవు. రెండు లైన్లు కలపాలి. "వై డిడ్ ఈచ్ పోలింగ్ స్టేషన్ నీడ్ 12 యూనిట్స్?" అంటే లెక్క చెయ్యాలి. ఒక యూనిట్‌లో 16 పేర్లు. 11 యూనిట్లు పెడితే 176 పేర్లే పడతాయి. 185 మంది ఉన్నారు, ఇంకా నోటా కూడా ఉండాలి. అందుకే పన్నెండోది కావాలి. ఇంగ్లీషు పేరాలో లెక్కల పాఠం కూడా పనికొచ్చింది!

8. పేరాలో లేనిది రాయొద్దు. మనకు తెలిసినా సరే. ఈ ఎలక్షన్‌లో ఎవరు గెలిచారో పేరాలో లేదు. "హూ వన్?" అని అడిగితే "ది ప్యాసేజ్ డజ్ నాట్ సే" అనే రాయాలి.

ఈ ఎనిమిదో సంగతి చాలా పెద్దది. 1995లో అమెరికాలో పసుపుతో గాయాలు మాన్పడం మీద ఇద్దరికి పేటెంట్ ఇచ్చారు. అంటే అది వాళ్ళు కొత్తగా కనుక్కున్నట్టు. మన అవ్వలందరికీ దెబ్బ తగిలితే పసుపు పెట్టడం తెలుసు. కానీ "మాకు ముందే తెలుసు" అంటే అక్కడ సరిపోలేదు. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత సంస్కృత గ్రంథాన్ని, 1953లో వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని చూపించింది. ఇదిగో, ఈ పేజీలో రాసి ఉంది అని చూపినందుకు 1997లో ఆ పేటెంట్ రద్దయింది. తెలిసి ఉండడం ఒకటి, రాసి ఉన్నచోటు చూపడం ఇంకొకటి. మనకు రెండూ కావాలి.

ఇది మార్కుల కోసమే కాదు. మార్కెట్‌లో పసుపు అమ్మితే తక్‌పట్టీ ఇస్తారు. తూకం ఎంత? కొమ్ముకు ధర ఎంత, మండకు ఎంత? ఖర్చుల కింద ఏం పట్టుకున్నారు? చేతికి ఎంత రావాలి? ఇవన్నీ కాంప్రహెన్షన్ ప్రశ్నలే. బ్యాంకు కాగితం, దవాఖాన చీటీ కూడా అంతే. మన అమ్మానాన్నలు వేలిముద్ర వేసే ముందు ఆ కాగితాన్ని చదివి, ఇందులో ఇట్ల ఉంది అని చెప్పవలసింది మనమే. మన ఇండ్లల్ల మొదట చదువుకునేది మనమే గదా!

ఇప్పుడు మీ వంతు. పై పేరా చదివి ఈ రెండింటికి పూర్తి వాక్యాల్లో జవాబు రాయండి.

అ) వేర్ ఈజ్ ది హెడ్ ఆఫీస్ ఆఫ్ ది నేషనల్ టర్మరిక్ బోర్డ్?
ఆ) హౌ మెనీ క్యాండిడేట్స్ వర్ నాట్ ఫార్మర్స్?

రెండోదానికి జవాబు ఏ లైనులోనూ లేదు, కానీ పేరాలోనే ఉంది. వెతకండి! జవాబులు వచ్చే గోడపత్రికలో రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని, ముప్కాల్