రెండేండ్లా? డెబ్బది యేండ్లా?

ధ్యాన భాగము: యిర్మీయా 28, 29 అధ్యాయములు



యూదులలో అనేకులు బబులోను చెరలో ఉన్న దినములలో, రెండేండ్లలో అంతా తీరిపోతుందని హనన్యా దేవుని పేరట ప్రకటించాడు. వినడానికి ఎంతో బాగుంది. కాని దేవుడు అతనిని పంపలేదు. యిర్మీయా మాత్రం డెబ్బది యేండ్లు పడుతుందనీ, అక్కడే ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకోవాలనీ చెరలోని వారికి ఉత్తరం వ్రాశాడు.

ఇద్దరూ విడుదల గురించే చెప్పారు. హనన్యాను నమ్మినవాడు మూట కట్టుకొని కూర్చుంటాడు. యిర్మీయాను నమ్మినవాడు తోటకు నీళ్లు పోస్తాడు.

మన వరంగల్‌లో క్షయ రోగికి కూడా ఈ రెండు మాటలూ వినబడవచ్చు. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు, జ్వరము తగ్గుతాయి. అప్పుడు ఎవరో వచ్చి, "ప్రార్థనతో స్వస్థత కలిగింది, ఇంకా మాత్రలెందుకు?" అంటారు. కాని క్రిములు లోపల మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగనిదిగా మారవచ్చు, ఇంట్లో పిల్లలకూ సోకవచ్చు.

మాత్ర వేసుకోవడం అవిశ్వాసము కాదు. హిజ్కియాకు స్వస్థత వాగ్దానము చేసిన తరువాత కూడా యెషయా అంజూరపు ముద్ద పుండుపై వేయించాడు.

ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరుగు ప్రయాణము చూడలేదు. అయినా దేవుడు వారిని విడువలేదు. నయముకాని జబ్బుతో ఉన్నవారికి ఇదే మన ఆదరణ.

సంఘ పెద్దలారా, రోగిని దర్శించినప్పుడు ప్రార్థించండి. ఎన్ని నెలల మందులు పూర్తయ్యాయో కూడా అడగండి. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము.

ప్రార్థన: ప్రభువా, కనిపెట్టే ఓర్పు మాకు దయచేయుము. ఆమేన్.