సైకిలు పాఠం – బేకరీ పాఠం



పదో తరగతి పూర్తి కాగానే మన హాస్టళ్లలో ఒక మాట తరచు వినిపిస్తుంది. “లెక్కలు, సైన్సు మన వల్ల కాదురా, వేరే ఏదైనా గ్రూపు తీసుకుందాం” అని. ఏ గ్రూపైనా ఇష్టంతో తీసుకుంటే మంచిదే. భయంతో తీసుకుంటే మాత్రం ఆ భయంలో నిజమెంతో ముందు తేల్చుకోవాలి. అందుకోసం ఒక చిన్న ప్రయాణం చేద్దాం. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి నల్లకుంటలోని ఒక బేకరీకి సైకిలు మీద వెళ్దాం. దూరం 3 కిలోమీటర్లు అనుకుందాం.

పెడలు ఒక చుట్టు తిరిగితే...

మనది మామూలు పెద్ద సైకిలు. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడలు ఒకసారి తొక్కితే వెనక చక్రం 44 ÷ 18, అంటే 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం వ్యాసం 70 సెం.మీ. అయితే దాని పరిధి 3.14 × 0.7 = సుమారు 2.2 మీటర్లు. కాబట్టి ఒక్క తొక్కుకు 2.44 × 2.2 = దాదాపు 5.4 మీటర్లు ముందుకు పోతాం. బేకరీ చేరడానికి సుమారు 560 చుట్లు చాలు. నిమిషానికి 45 చుట్లు తొక్కితే పన్నెండున్నర నిమిషాల ప్రయాణం. గంటకు 5 కి.మీ. చొప్పున నడిస్తే ఇదే దూరానికి 36 నిమిషాలు పడుతుంది. కాళ్లు అవే, మధ్యలో పనిచేసింది నిష్పత్తి! ఏడో తరగతిలో మనం చదివిన నిష్పత్తే ఇది.

ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు...

దారిలో రైలు పట్టాల మీదుగా అడిక్‌మెట్ ఫ్లైఓవరు వస్తుంది. ఎక్కేటప్పుడు ఆయాసం ఎందుకు? మన బరువు 50 కిలోలు, సైకిలు 20 కిలోలు, ఎక్కే ఎత్తు 6 మీటర్లు అనుకుందాం. చేసిన పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు = 70 × 9.8 × 6 = 4,116 జౌళ్లు. ఇది దాదాపు ఒక కిలోకేలరీకి సమానం. అయితే మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది. మిగిలినది వేడిగా పోతుంది. అందుకే చెమట పడుతుంది. అంటే ఫ్లైఓవరు ఎక్కడానికి శరీరం దాదాపు 4 కిలోకేలరీలు వాడుకుంటుంది.

పైకి చేరాక ఆ పని స్థితిజశక్తిగా నిలువ ఉంటుంది. దిగేటప్పుడు గతిజశక్తి అవుతుంది. బ్రేకు వేస్తే రబ్బరుకు, రిమ్ముకు మధ్య ఘర్షణ వల్ల వేడిగా మారుతుంది. శక్తి నిత్యత్వ నియమం అంటే ఇదే.

భట్టీ దగ్గర...

బేకరీలో మైదా, నీళ్లు, చక్కెర, ఉప్పు, ఈస్టు కలిపి పిండిముద్ద చేస్తారు. ఈస్టు ఒక ఏకకణ శిలీంధ్రం. అది చక్కెరను తిని కార్బన్ డయాక్సైడును, కొద్దిగా ఆల్కహాలును విడుదల చేస్తుంది. దీన్నే కిణ్వనం అంటారు. ఇది జీవుల వల్ల జరిగే పని అని లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. పిండిలోని గ్లూటెన్ సాగే గుణం వల్ల ఆ వాయువును పట్టి ఉంచుతుంది, ముద్ద పొంగుతుంది. భట్టీలో పెట్టగానే లోపలి వాయువు వేడికి ఇంకా వ్యాకోచిస్తుంది. మీరు చదివే చార్లెస్ నియమం అక్కడ బన్ను రూపంలో కనబడుతుంది!

బన్ను పైన ఎరుపు, లోపల తెలుపు ఎందుకు? లోపల తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. పైభాగం ఆరిపోయి అంతకంటే బాగా వేడెక్కుతుంది. అక్కడ చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి ఆ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దానికి పెట్టారు.

రెండు పాఠాలు కలిసే చోటు

60 గ్రాముల బన్నులో సుమారు 150 కిలోకేలరీల శక్తి ఉంటుంది. ఎక్కడం ఒక్కటే లెక్కిస్తే, ఆ ఒక్క బన్నుతో అదే ఫ్లైఓవరు ముప్పై అయిదు సార్లకు పైగా ఎక్కవచ్చు. ఎండ గోధుమలో చేరింది, గోధుమ బన్ను అయింది, బన్ను మన కాళ్లలో బలమైంది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం అని పుస్తకాలు వేరుచేశాయి గాని దారిలో అవన్నీ ఒకటే.

మీరే చేసి చూడండి

1. మీ సైకిలు పళ్లు లెక్కపెట్టి, ఒక్క తొక్కుకు ఎంత దూరం పోతుందో కనుక్కోండి. తరువాత టేపుతో కొలిచి సరిచూడండి.

2. టైరులో గాలి తగ్గితే తొక్కడం ఎందుకు కష్టమవుతుంది? టైరు నలిగినప్పుడు శక్తి ఏమవుతుందో ఆలోచించండి.

3. మీ హాస్టలు మెట్ల ఎత్తు కొలిచి, ఒకసారి ఎక్కితే ఎంత పని చేస్తారో లెక్కించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇళ్లలో చాలామంది పెద్దలకు ఈ సూత్రాల పేర్లు తెలియవు. కాని సైకిలు మీద బస్తా వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు దిగి నెట్టాలని, పిండి ఎప్పుడు పులిసిందో వాసనతోనే చెప్పాలని వారికి తెలుసు. ఆ తెలివికి పేరు, కొలత చేర్చడమే మన చదువు. కనుక గ్రూపు ఎంచుకునే రోజున భయాన్ని అడగకండి, మీ ఇష్టాన్ని అడగండి.