మానవ వికాసము – కుటుంబ అధ్యయనము



ఉన్నత విద్య యనగానే వైద్యము, ఇంజనీరింగు అను రెండు మార్గములే మన ఇండ్లలో తలంపునకు వచ్చుచుండును. విత్తనము మొలకెత్తి వృక్షమగు క్రమమును వృక్షశాస్త్రము బోధించునని మీరెరుగుదురు. అట్లే పసికందు నడక నేర్చి, మాట నేర్చి, యువకుడై, గృహస్థుడై, వృద్ధుడగు క్రమమును బోధించు శాస్త్రము కూడ కలదు. దానికే మానవ వికాసము, కుటుంబ అధ్యయనము అని పేరు. మన కర్ణాటకమునందే ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమున ఈ శాఖ యున్నది. హైదరాబాదునందలి సైఫాబాదు కళాశాలలోను, వడోదరలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయములోను కలదు. ఇవన్నియు ప్రభుత్వ విశ్వవిద్యాలయములే.

“పిల్లలు తమంత తామే పెరుగుదురు గదా, దానికి చదువెందులకు?” అని కొందరందురు. పెరుగుట సహజమే. కాని ఏ వయస్సున ఏమి ఆశింపవచ్చునో తెలియక పెద్దలు పిల్లలను నిందించు సందర్భములు పెక్కు. స్విట్జర్లాండు దేశీయుడగు జీన్ పియాజే (1896–1980) చూపిన ఒక పరీక్షను గమనింపుడు. రెండు సమానమైన గ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదానిలోని నీటిని సన్నని పొడుగు గ్లాసులోనికి మార్చవలెను. నాలుగైదేండ్ల బిడ్డ సాధారణముగా పొడుగు గ్లాసులోనే నీరెక్కువ యనును. ఏడెనిమిదేండ్ల బిడ్డ రెండును సమానమే యనును. మొదటి బిడ్డ మందబుద్ధి కాదు. ఆ వయస్సున ఆలోచన అట్లే సాగును. వికాసము బాల్యముతో ముగియక, వార్ధక్యము వరకు ఎనిమిది దశలుగా సాగునని ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథమున వివరించెను.

ఈ శాస్త్రమునకు ప్రధాన సాధనము పరిశీలన. రసాయన శాస్త్రమునకు ప్రయోగశాల యెట్టిదో, ఈ శాఖకు శిశు పాఠశాల యట్టిది. విద్యార్థి ఒక మూల కూర్చుండి, బిడ్డ చేసినదానిని చేసినట్లు వ్రాసికొనవలెను. “బిడ్డ మొండితనము చూపెను” అనుట పరిశీలన కాదు, తీర్పు. “బొమ్మను నేలపై విసరెను; రెండుమార్లు తలుపు వైపు చూచెను” అనుట పరిశీలన. తలుపు వైపు ఏల చూచెనని ఆలోచించినపుడు, అమ్మ కొరకు ఎదురుచూచుచున్నదేమో యను అనుమానము కలుగును. అట్లే కోపము వెనుక దాగిన దిగులు కానవచ్చును.

బిడ్డను ఒంటరిగా చూచిన చాలదు. కార్నెల్ విశ్వవిద్యాలయాచార్యుడగు యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే నొక్కి చెప్పెను. ఇల్లు, బడి, ఇరుగుపొరుగు – ఇవి బిడ్డ చుట్టునున్న వలయములు. ఒక్కొక్క వలయమే కాక, వాని నడుమ గల సంబంధము కూడ బిడ్డను తీర్చిదిద్దును. ఇంటికిని బడికిని పొత్తు కుదిరినచో బిడ్డకు మేలు. కుదరనిచో ఆ భారము బిడ్డపైననే పడును.

ఈ మాట మనకు మిక్కిలి వర్తించును. ఇంట తెలుగు, వీధిలో కన్నడము వినుచు పెరుగు మూడేండ్ల పాప అంగన్‌వాడీలో పెదవి విప్పకున్నదనుకొందము. ఆమెకు మాటలు ఆలస్యమైనవా? లేక అచటి భాష కొత్తదా? ఇంట అమ్మతో ఎట్లు మాటలాడునో విచారింపక ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులలో ప్రారంభమైన సమగ్ర శిశు వికాస పథకము నేడు దేశమంతట వ్యాపించియున్నది. అందు పనిచేయుటకు రెండు భాషలెరిగి, శిశు వికాసము చదివినవారు మన ప్రాంతమున ఎంతయో అవసరము. మన ద్విభాషా జ్ఞానము ఇచట లోపము కాదు, అర్హత.

తల్లిదండ్రులకొక మనవి. రెండు మూడు భాషలు వినిన బిడ్డ తికమకపడునని భయపడి ఇంట తెలుగు మానవలదు. పసివారు రెండు భాషల మాటలు కలిపి పలుకుట సహజము, రోగము కాదు. మాతృభాషలో విద్యారంభము మేలని 1953లో యునెస్కో నివేదిక చెప్పెను. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చబడిన రాజ్యాంగపు 350-ఎ అధికరణము నిర్దేశించుచున్నది.

ధార్వాడలో చదువగోరువారు విజ్ఞానశాస్త్ర విషయములతో పి.యు.సి. ముగించి, సముదాయ విజ్ఞానమున నాలుగేండ్ల బి.యస్సీ. పట్టమునకు చేరవలెను. పూర్వము దీనినే గృహవిజ్ఞానమనుచుండిరి. చివరి సంవత్సరమున గ్రామములలో పనిచేయు అనుభవము కూడ కలుగును. అటుపిమ్మట యం.యస్సీ.లో మానవ వికాసమును ప్రత్యేకముగా చదువవచ్చును. బోధన ఆంగ్లమున జరుగును గనుక ఆ భాషను ఇప్పటినుండియే శ్రద్ధగా అభ్యసింపుడు. ఇది ఆడపిల్లల చదువేయని బాలురు తలంపరాదు, కుటుంబము అందరిదియు.

అభ్యాసము:

1. మీ ఇంటనో పొరుగింటనో గల పసిబిడ్డను, పెద్దల అనుమతితో, వారము దినములు రోజునకు పావుగంట గమనించి, చేసినవి మాత్రమే వ్రాయుడు.

2. వ్రాసినదానిలో తీర్పు పలుకు మాటలను గుర్తించి కొట్టివేయుడు.

3. మీ అవ్వతాతలను వారి బాల్యమును గూర్చి అడిగి, మీ బాల్యముతో పోల్చుడు.