కంప్యూటర్ ఆగితే ఏ పని ఆగుతుంది?

దుగ్గిరాల పసుపు యార్డులో ఓ పూట నిలబడి చూడండి. కొమ్ములు ఒక వైపు, కాయ ఒక వైపు. గేటు దగ్గర సరుకు నమోదవుతుంది, లాటుకు నంబరు పడుతుంది, వ్యాపారులు ధర వేస్తారు, కాటా అయ్యాక బిల్లు వస్తుంది. 2016 ఏప్రిల్ 14న దేశంలో మొదలైన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో ఈ యార్డూ ఉంది. ఇప్పుడు నెట్ పోయిందనుకోండి. గంటసేపైతే ఏమవుతుంది? పూటంతా అయితే? రెండు రోజులైతే?

ఏ పని ఎంతసేపు ఓర్చుకోగలదో ఇలా లెక్కగట్టడమే బిజినెస్ ఇంపాక్ట్ అనాలిసిస్. బ్యాంకులు, ఆసుపత్రులు, ఐటీ కంపెనీలు ఈ పని తెలిసినవాళ్లకు జీతమిచ్చి పెట్టుకుంటాయి. దీనికి కోడింగ్ రానక్కర్లేదు. బీకాం చదివి, వ్యాపారం నడిచే తీరు తెలిసినవాళ్లకు ఇందులో మంచి చోటుందని నా గట్టి నమ్మకం.

ఎన్ని కంప్యూటర్లున్నాయో లెక్కపెడితే సంగతి తేలదు. కోల్డ్ స్టోరేజీనే తీసుకోండి. ఆఫీసులో ఒక్క కంప్యూటరే ఉండొచ్చు. అది ఒకరోజు పనిచేయకపోయినా కాగితం మీద రాసుకుని బస్తాలు దించుకుంటారు. కానీ ఏ బస్తా ఏ రైతుదో చెప్పే లెక్క పోతే? లోపలున్నది ఎవరి పంటో తేల్చడం ఎవరి తరం? అంటే అక్కడ యంత్రం మీద ఆధారం తక్కువ, సమాచారం మీద చాలా ఎక్కువ. ఎంతసేపట్లో పని మళ్లీ మొదలవ్వాలన్నది రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్. ఎంతసేపటి లెక్క పోయినా తట్టుకోగలమన్నది రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్. ఈ రెంటినీ కలిపేయకుండా విడిగా కొలవడం నేర్చుకోండి, ఇంటర్వ్యూలో అదే మిమ్మల్ని నిలబెడుతుంది.

ఇది యార్డులకే పరిమితమైన సంగతి కాదు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వికటించి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఈ పనిలోకి రావాలంటే చదవాల్సినవి వ్యాపార కొనసాగింపుకు సంబంధించిన ఐఎస్ఓ 22301 ప్రమాణం, ఆ తర్వాత సీసా (సర్టిఫైడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఆడిటర్) పరీక్ష. పరీక్ష ముందే రాయొచ్చు. సర్టిఫికెట్‌కు మాత్రం అయిదేళ్ల అనుభవం కావాలి, చదువును బట్టి కొంత మినహాయింపు ఉంటుంది.

ఈలోగా మీ ఊరి ఎరువుల దుకాణానికో, మిల్లుకో వెళ్లండి. యజమానికి చెప్పి, గుమస్తా దగ్గర కూర్చోండి. ‘కిందటిసారి సిస్టం ఆగినప్పుడు ఏం చేశారండీ?’ అని అడగండి. ఆయన చెప్పింది గంటలతో సహా రాసుకోండి.