శ్రద్ధ వేరు, ఉన్మాదం వేరు



జాతరకు కాలినడకన పోయే ముసలమ్మ భక్తీ, దేవుడి పేరు చెప్పి పక్కవాడి ఇంటి మీదికి కర్రలు పట్టుకుపోయే గుంపు భక్తీ ఒకటేనా? కాదు. కానీ మొదటిది రెండోదిగా మారడానికి ఎంతో కాలం పట్టదు. మధ్యలో ఉన్న గీతను ఎట్లా గుర్తుపట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాళీలో ‘సద్ధా’ అనేదాన్నే మనం శ్రద్ధ అంటున్నాం. ఇది గుడ్డి నమ్మకం కాదు. రోగికి వైద్యుడి మీద ఉండే నమ్మకం లాంటిది. మందు వేసుకుంటాడు, గుణం కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది. పంచేంద్రియాల్లో శ్రద్ధ మొదటిది, ప్రజ్ఞ చివరిది. ఈ రెండూ సమానంగా ఉండాలని బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో వివరించాడు. శ్రద్ధ ఒక్కటే పెరిగితే మనిషి నమ్మకూడనిదాన్ని కూడా నమ్ముతాడు. ప్రజ్ఞ ఒక్కటే పెరిగితే మాటకారి అవుతాడు. రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్లు, జతగా నడవాలి.

కేసపుత్తంలో కాలాములు బుద్ధుణ్ణి ఏమడిగారో గుర్తుందా? వచ్చిన ప్రతి గురువూ తన మాటే గొప్పంటున్నాడు, పక్కవాడిది తప్పంటున్నాడు, ఎవరిని నమ్మాలి అని అడిగారు. నన్ను నమ్మండి అని భగవానుడు అనలేదు. ఆచారమనో, గ్రంథంలో ఉందనో, మా గురువు చెప్పాడనో దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. దానివల్ల లోభం, ద్వేషం, మోహం పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా మీరే చూసుకోమన్నాడు.

మనకు కావలసిన కొలబద్ద ఇదే. ‘పని చేసిపెడితే ముడుపు చెల్లిస్తా’ అనే భక్తి లోభం. ‘అడగొద్దు, నమ్ము’ అనే భక్తి మోహం. ‘మా దేవుణ్ణి అంటే చంపుతా’ అనే భక్తి ద్వేషం. ఆ మూడోది వచ్చిందంటే గీత దాటినట్టే.

ఈ రోగం వాళ్లకే వస్తుంది, మనకు రాదు అనుకోకండి. మయన్మార్‌లో కొందరు భిక్షువులు చీవరం కట్టుకునే ముస్లింల మీద ద్వేషాన్ని బోధించారు. 2017లో సైన్యం దాడులకు 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ద్వేషం నిండిన మనసుకు త్రిశరణం నోటిమాటే అవుతుంది. సుప్పియుడనే పరివ్రాజకుడు త్రిరత్నాలను దూషించినప్పుడు బుద్ధుడు భిక్షువులకు ఏం చెప్పాడు? కోపం తెచ్చుకుంటే అవతలివాడి మాటలో నిజమెంతో మీకు తెలియదు, నష్టం మీకే అన్నాడు. పొగిడినప్పుడు కూడా పొంగిపోవద్దన్నాడు.

మరి బాబాసాహెబ్ విగ్రహాన్ని అవమానిస్తే ఊరుకోవాలా? ఊరుకోవద్దు. అది మన ఆత్మగౌరవం మీద దెబ్బ. కేసు పెట్టాలి, ధర్నా చెయ్యాలి, చట్టాన్ని వాడుకోవాలి. కానీ ఆయన రాసినదాని మీద ఎవరైనా ప్రశ్న వేస్తే చెయ్యి లేపడం అంబేడ్కరిజం కాదు. వ్యక్తిపూజ రాజకీయాల్లో నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఆయనే. విగ్రహానికి పాలు పోసి పుస్తకం తెరవని వాళ్లం ఆ హెచ్చరిక విన్నట్టా?

ఇక మన ఇళ్ల సంగతి. దీక్ష తీసుకున్న కుర్రవాడు అమ్మ పెట్టుకున్న ఎల్లమ్మ పటాన్ని విసిరికొడతాడు. తల్లి ఏడుస్తుంది. ఇది ధమ్మమా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు ‘నేను’ అని చెప్పుకునేవి. నేను పూజించను అన్నాం గానీ, ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఆపుతాను అనలేదు. సకల ప్రాణుల పట్ల కరుణ చూపుతాననే ప్రతిజ్ఞ కూడా వాటిలోనే ఉంది. అమ్మ కూడా ప్రాణే కదా! పక్కన కూర్చోండి. అప్పు చేసి వేటను కొయ్యడం కన్నా ఆ డబ్బు మనవరాలి ఫీజుకు పనికొస్తుందని ఓపికగా చెప్పండి. ఈ ఏడాది వినకపోతే వచ్చే ఏడాది మళ్లీ చెప్పండి.

వచ్చే ఆదివారం విహారంలో వందన అయ్యాక ఈ మూడు ప్రశ్నలు చర్చకు పెట్టుకోండి:

1. నా నమ్మకాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే చివరిదాకా వినగలుగుతున్నానా?
2. దీక్ష తీసుకున్నాక నా కోపం తగ్గిందా, పెరిగిందా?
3. నన్ను చూసి మా ఇంట్లోవాళ్లు ధమ్మానికి దగ్గరవుతున్నారా, భయపడి దూరమవుతున్నారా?

జవాబులు గట్టిగా చెప్పకపోయినా పర్వాలేదు. మీకు మీరు నిజం చెప్పుకుంటే చాలు.

భవతు సబ్బ మంగళం. నమో బుద్ధాయ!