ఫియార్డుల సీమకు ప్రయాణము

నార్వే పశ్చిమ తీరమున సముద్రము కొండల నడుమకు చొచ్చుకొని పోయినది. పూర్వము హిమానీనదములు తొలిచిన లోయలలో ఉప్పునీరు నిండి ఏర్పడిన ఈ పాయలను ఫియార్డులందురు. వానిలో సోగ్నె ఫియార్డు 200 కిలోమీటర్లకు మించిన పొడవు, సుమారు 1,300 మీటర్ల లోతు కలది.

అచటికి పోదలచినవారు ముందుగా ఋతువు నెంచుకొనవలెను. శీతకాలమున పగలు కొద్ది గంటలే. ట్రోల్‌స్టిగెన్ వంటి మెలికల కొండబాటలు మంచువలన మూసివేయబడును. జూలైలో బాటలు తెరచియుండును గాని యాత్రికుల రద్దీ మెండు. మే మాసమున హార్డాంగర్ తీరమున ఆపిలు తోటలు పూయును. అప్పటికి ఎత్తైన బాటలు కొన్ని తెరువకున్నను, కరిగిన మంచుతో జలపాతములు నిండుగా దుముకును. గైరాంగర్ ఫియార్డులో 'ఏడుగురు అక్కచెల్లెండ్రు' అను జలపాతము కలదు. వేసవి ముదిరిన కొలదియు దాని ధారలు సన్నగిల్లును. కావున మే చివరి దినములే మేలు.

అయితే ఆ మంచునీరు కొండల పగుళ్ళలోనికి కూడ ఇంకును. 1934 ఏప్రిల్ 7న టాఫియార్డులో కొండచరియ విరిగి నీట పడగా, లేచిన అలలకు 40 మంది మరణించిరి. గైరాంగర్ సమీపమున ఆకెర్నెసెట్ కొండపై నేడును ఒక పెద్ద పగులు మెల్లగా వెడల్పగుచున్నది. మంచు కరగు కాలమున దాని కదలిక హెచ్చును. శాస్త్రజ్ఞులు యంత్రములతో దానిని రేయింబవళ్ళు కనిపెట్టుచున్నారు. అపాయము పసికట్టినచో తీరగ్రామములవారిని ముందుగానే తరలించుటకు ఏర్పాట్లు కలవు.